ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగ్: పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఎట్ల నడపాలి?

పీహెచ్‌సీ_డాక్టర్: 30 ఏళ్లు దాటినోళ్ల ఎన్‌సీడీ (బీపీ, షుగర్, క్యాన్సర్ లాంటి అంటని జబ్బుల) సర్వేలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నయి, ఊపిరితిత్తులు లేవు. క్యాంపు పెట్టి ఛాతీ ఎక్స్‌రేలు తీద్దామంటున్నరు. సరిపోతదా?

సీటీ_టెక్నీషియన్: సరిపోదు సార్. 2011లో వచ్చిన ఎన్‌ఎల్‌ఎస్‌టీ (అమెరికాలో జరిగిన పెద్ద ఊపిరితిత్తుల స్క్రీనింగ్ అధ్యయనం) ఫలితాల్లో ఎక్స్‌రే తీసినోళ్లకన్నా లో-డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్) తీసినోళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తక్కువ. కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు) వద్దు. స్లైసు మందం 1 ఎంఎం, ఒక్క ఊపిరి బిగబట్టించి తీయాలి. సగటు ఒళ్లున్న మనిషికి సీటీడీఐ (మిషన్ చూపించే రేడియేషన్ డోసు కొలత) 3 మిల్లీగ్రే దాటొద్దు. అలవాటుకొద్దీ మామూలు ఛాతీ సీటీ సెట్టింగు నొక్కితే డోసు నాలుగైదు రెట్లు పడ్తది. ఏటా తీసే పరీక్షకు అది అన్యాయం.

ఎన్‌సీడీ_నర్సు: ఎవరికి తీయాలన్నది ముందు తేల్చాలె. అమెరికా 2021 లెక్క: 50–80 ఏళ్లు, 20 ప్యాక్-ఇయర్లు (రోజుకు 20 సిగరెట్ల ప్యాకెట్టు ఏడాదంతా తాగితే ఒక ప్యాక్-ఇయర్), మానేస్తే మానేసి 15 ఏళ్లలోపు. మనకాడ బీడీలు. "ఎన్ని కట్టలు" అనడగొద్దు, కట్టలో సగం పక్కోళ్లు తాగుతరు. "పొద్దున లేచినకాన్నుంచి పండుకునేదాక ఎన్ని" అనడగాలె. బీడీని ఒక సిగరెట్టుగ లెక్కేస్తే, ఆ సంఖ్యను తాగిన ఏళ్లతో గుణించినప్పుడు 400 అంటే 20 ప్యాక్-ఇయర్లు. 15 బీడీలు, 30 ఏళ్లు: 450. బీడీని సగం సిగరెట్టుగ లెక్కేసేటోళ్లూ ఉన్నరు. ఏదో ఒక పద్ధతి రిజిస్టర్ మొదటి పేజీల రాసి పెట్టుకోండి, లేకుంటే ఒక్కో ఏఎన్‌ఎం ఒక్కో లెక్క రాస్తది. తెమడలో రక్తం పడేటోళ్లు, చిక్కిపోయినోళ్లు స్క్రీనింగ్ కిందికి రారు. ఆ రోజే తెమడ పరీక్ష, ఛాతీ డాక్టరు.

రేడియాలజిస్ట్: ఇక్కడ అసలు చిక్కు, సీటీలో క్యాన్సర్ గడ్డల్లాగే కనిపించే పాత టీబీ మచ్చలు. పూర్తిగా సున్నం పట్టిన గడ్డకు భయం లేదు. గట్టి నాడ్యూల్ (చిన్న గడ్డ) 6 ఎంఎం లోపైతే ఏడాదికి, 6 నుంచి 8 లోపు ఆరు నెలలకు, 8 నుంచి 15 లోపు మూడు నెలలకు మళ్లీ సీటీ. 15, అంతకు మించితే పెట్ స్కాన్ (గడ్డ ఎంత చురుగ్గా ఉందో చూపే స్కాన్), బయాప్సీ (ముక్క తీసి పరీక్ష). దయచేసి తెమడలో క్రిములు దొరక్కుండానే "చూద్దాం" అని టీబీ మందులు మొదలుపెట్టకండి. ఆ ఆరు నెలల్లో ఆపరేషన్‌కు పనికొచ్చే గడ్డ చేయి దాటిపోవచ్చు.

ఆశ_ఫెసిలిటేటర్: మూడు నెలలకు రమ్మంటే మనిషి ముంబయిలో ఉంటడు సార్. దసరా దాటినంక ఊర్లు ఖాళీ. అందుకే మొదటి సీటీ జూన్‌ల, తొలకరికి ఇంటికొచ్చినప్పుడే పెట్టండి. మూడు నెలల స్కాన్ సెప్టెంబర్‌ల పడ్తది, పోకముందే అయిపోతది. ఏడాది స్కాన్ మళ్లా జూన్‌కే వస్తది. ఆరు నెలలోళ్లే డిసెంబర్‌ల జారిపోతరు, వాళ్ల పేర్లు వేరేగ రాసుకోండి. ఇంటి నంబరుతోపాటు మేస్త్రీ నంబరూ తీసుకోవాలె.

రేడియాలజిస్ట్: సీటీ బొమ్మల సీడీ కాపీ ఒకటి పీహెచ్‌సీలనే ఉంచండి. పాత బొమ్మలు పక్కన లేకుంటే గడ్డ పెరిగిందో లేదో చెప్పలేం.