‘మియాని’ని మీ పక్క ఏమంటారు?

ప్యాంటు కాళ్ళ సందున, నాలుగు కుట్లు వచ్చి కలిసేచోట వేసే చిన్న గుడ్డముక్కకు మీ ఊర్లో ఏం పేరుందో చెప్పండప్పా. ఇంట్లో నిఘంటువులు తిరగేసి తిరగేసి అలిసిపోయినా.

అసలు సంగతి ఇది. మాది అనంతపురం, ఉండేది పాతూరు. ఆఫీసుకు సైకిలు మీదే పోతా, అటూ ఇటూ కలిపి తొమ్మిది కిలోమీటర్లు. టవర్ క్లాక్ దగ్గర వంతెన ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి తొక్కాల. పోయిన నెల అక్కడే ‘పర్ర్’మనింది. ఇస్త్రీ నలగని కొత్త ప్యాంటు. ఆ పొద్దంతా కుర్చీలోంచి లేచింటే ఒట్టు. టీకి పిలిస్తే ఫైలు అడ్డం పెట్టుకోని పోయినా.

సాయంత్రం మా వీధి కొసన మిషన్ కుట్టే సాయిబు దగ్గరికి తీసకపోయినా. ప్యాంటు తిరగేసి, చినిగినచోట వేలు దూర్చి చూపిచ్చినాడు. “సార్, గుడ్డ తప్పు కాదిది. లోపలికాళ్ళ కుట్లు రెండు, ముందరిదొకటి, యెనకదొకటి, నాలుగూ ఒకే తావున ముడేసుకున్యాయి. నువ్వు దానిమీద కూచోని తొక్కుతాండావు. మియాని వెయ్యాల” అన్యాడు. కాలి మడతలో మిగిలిన గుడ్డ కత్తిరించి, సుద్దతో కాజూ బర్ఫీ ఆకారం గీసినాడు. అరచేతిలో పట్టేంత ముక్క. ఒక కొస ముందరికి, ఒకటి వెనక్కు, రెండు తొడల పక్కకు. ఇప్పుడు నాలుగు కుట్లూ ఒకచోట కలవవు, నాలుగు దిక్కులకు పోతాయి. కాలు ఎత్తితే గుడ్డకు ఆడేదానికి చోటు.

పదార్థం అర్థమైంది, పదమే అర్థం కాలేదు. ఎవరికైనా తెలుసా?

ప్రొద్దుటూరు మాస్టారు: ఫార్సీలో ‘మియాన్’ అంటే నడుమ. ‘దర్మియాన్’ వినింటావు గదా నాయనా, అదే. నడుమ వేసే ముక్క కాబట్టి మియాని. ఇంకోటి చెప్తా విను. పెండ్లికూతురు ఎక్కే మేనా ఉందే, అది కూడా ‘మియానా’ నుంచి వచ్చిందే. మరీ పెద్దదీ మరీ చిన్నదీ కాని నడిమిరకం పల్లకి. హిందీవాళ్ళు కత్తి ఒరను ‘మ్యాన్’ అంటారు, అదీ ఈ ఇంటిదే. మీ దర్జీ వేసిన ముక్కకు చుట్టరికం గట్టిదే.

ఆ దర్జీ కూడా ఫార్సీవాడే మాస్టారూ! ‘దర్జ్’ అంటే కుట్టు. పైజామాలో ‘పాయ్’ అంటే కాలు. నడుము కిందికి దిగితే మనకు చానా మాటలు అరువే. లాగు, ఇజారు, షరాయి అని పెద్దోళ్ళు అంటాంటే విన్యా. చల్లడం అని ఒకటుంది, తొడలదాకా వచ్చే పొట్టి లాగు. ఇప్పుడు దాన్ని పలికేవాళ్ళు లేరు.

కడప తమ్ముడు: అన్నా, అచ్చ తెలుగులో ‘గోచిముక్క’ అంటే పోలా?

పోదు తమ్ముడూ. గోచి అంటే కాళ్ళ సందునుంచి తీసి వెనక దోపే గుడ్డ. అది విడిగా ఉంటుంది, ఇది కుట్టులో కలిసిపోతుంది. పైగా ఆఫీసులో “గోచిముక్క వేయించుకున్యా” అని నువ్వు చెప్పి చూడు, నేను వింటా.

ఆదోని అక్క: మా అమ్మ రవికెకు చంక కింద ఇట్లాంటి ముక్కే వేసేది, చంకపీలిక అనేది. చెయ్యి పైకెత్తితే చినక్కుండా. ఆ లెక్కన ఇది ‘తొడపీలిక’ కావాల గదా?

అక్కా, ఇంతవరకు వచ్చినవాట్లో ఇదే నాకు నచ్చింది. పని ఒకటే, తావు వేరే. కానీ ఎవరూ పలకని మాట మనమే పుట్టిస్తే సాయిబుకు తెలియల్ల గదా, ఆయనకు చెప్పాలంటే మళ్ళీ మియాని అనే చెప్పాల.

రాయదుర్గం బావ: ఏం బామ్మర్దీ, మా ఊర్లో ఇంతమంది జీన్సు కుడతాంటే నువ్వు సన్నగుడ్డ ప్యాంటు చించుకోని ఏడుస్తాండావా? జీన్సు తొడుక్కోని పో.

బావా, మే నెలలో అనంతపురంలో జీన్సు తొడుక్కోని వంతెన ఎక్కి చూడు. దానికి తోడు జీన్సు కుట్టు మడిచి మడిచి కుడతారు, ఆ నాలుగూ కలిసేచోట చింతగింజంత గడ్డ కడుతుంది. సరిగ్గా సీటు మీద పడుతుంది. మా ఆఫీసులో జీన్సు ఒప్పుకోరు కూడా.

అందుకే ఇంకో జత కోసం షాపుకు పోయినా. ‘స్ట్రెచ్’ తీసుకో సార్, మియానీ గియానీ అక్కర్లేదన్నారు. లోపలి చీటీ చూస్తే నూటికి రెండు పాళ్ళు స్పాండెక్స్. భాషా గుంపు కాబట్టి చెప్తాండా: ఆ సాగే దారం 1958లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీలో పుట్టింది. ‘ఎక్స్‌పాండ్స్’ అనే ఇంగ్లీషు మాట అక్షరాలను అటూ ఇటూ చేసి ఆ పేరు పెట్టినారు. మన నిక్కరుకూ సైకిలుకూ పాత స్నేహమే. మోకాలి కింద బిగించే నిక్కర్‌బాకర్స్ తొడుక్కోనే 19వ శతాబ్దం చివర దొరలు సైకిళ్ళు తొక్కినారు, ఆ పేరు తెగ్గొట్టుకోని మనకు నిక్కరైంది.

స్ట్రెచ్ బాగానే ఉంది, కాదనను. వంగినప్పుడు మాత్రం వెనక నడుము కిందికి జారి చొక్కా బయటికొస్తాంది. ఇక రెడీమేడు వద్దనుకోని గుడ్డ తీసుకోని సాయిబు దగ్గరికే పోయినా. పాలిస్టరు కలిసిన ముదురు బూడిద రంగు గుడ్డ. చెమట తొందరగా ఆరుతుంది, చైను మసి అంటినా కనపడదు. వెనకపక్క అంగుళం ఎత్తు పెట్టమన్యా, కింద మడత వద్దన్యా, దాంట్లో దుమ్ము చేరుతుంది. బాటం 16 ఉండేది 14 చేయించినా. చైను ఉండేది కుడిపక్క, వెడల్పు బాటమైతే అదే లాక్కుంటుంది.

ప్రొద్దుటూరు మాస్టారు: కుడికాలు ఎగ్గట్టుకుంటే సరిపోయేదానికి ఇంత కథా?

పంచె ఎగ్గట్టొచ్చు మాస్టారూ. ప్యాంటును మడుస్తాం, లేకుంటే క్లిప్పు పెడతాం. ‘ప్యాంటు ఎగ్గట్టినాడు’ అని మా పక్కయితే అనరు, కట్టేదానికి అక్కడ ఏముంది? మీ పక్క అంటారేమో చెప్పండి.

నిన్న ప్యాంటు చేతికొచ్చింది. మేనా ముచ్చట సాయిబుకు చెప్తే నవ్వి, కొలతల పుస్తకం నా ముందరికి తోసినాడు. నా పేరు కింద నడుము 34, సీటు 40, బాటం 14. దాని కింద తెలుగులో, పెన్సిలుతో: ‘మేని 1’.

ఆదోని అక్క: మియాని కాదా? మేనినా?

మేనినే అక్కా. ‘అట్లనే అంటాం, నోరు తిరగల్ల గదా’ అన్యాడు.