మిల్లులో స్టాక్ చూడటానికి పోతున్నా, ప్రభుత్వ వడ్లు కూడా లెక్కపెట్టాలా?

ప్రశ్న: అన్నలకు నమస్తే. నల్లగొండలో ఒక ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులో భాగమైన ట్రైనింగ్) చేస్తున్నా. ఎల్లుండి, ఏప్రిల్ 8న, మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లుకు స్టాక్ చూడటానికి నన్ను ఒక్కణ్నే పంపుతున్నారు. సొంతంగా కొన్న వడ్లు, ప్రభుత్వం మరపట్టడానికి ఇచ్చిన వడ్లు ఒకే ఆవరణలో ఉన్నాయట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్మీ, ముందు ఏ నెట్టు (పేర్చిన బస్తాల కుప్ప) ఎవరిదో రాయించుకో. సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) వడ్లు, అంటే ప్రభుత్వం మరపట్టడానికి ఇచ్చినవి, మిల్లు ఆస్తి కావు, బ్యాలెన్స్ షీట్‌లోకి రావు. అయినా లెక్కపెట్టాల్సిందే. అక్కడ తక్కువ పడితే సొంత బస్తాలు అటు జరిపి చూపొచ్చు, ఆ బాకీ చివరికి మిల్లు మీదే పడుతుంది. అందుకే రెండూ ఒకే రోజు చూడు.

ఎన్ని ఉండాలో పోకముందే కాగితం మీద తేల్చుకో. క్వింటాలు వడ్లకు ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి, పచ్చి బియ్యమైతే 67. వడ్లు 10,000 క్వింటాళ్లు వచ్చాయి, ఉప్పుడు బియ్యం 5,100 క్వింటాళ్లు ఇచ్చారు అనుకో. 7,500 క్వింటాళ్లు ఆడించినట్టు. మిగిలిన 2,500 అంటే 40 కిలోల బస్తాలు 6,250. ఆడించి ఇంకా పంపని బియ్యం గోదాములో ఉంటే, ఆ మేరకు వడ్ల బస్తాలు తగ్గుతాయి.

నెట్టు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి వచ్చేయకు. పైకెక్కు. ఒక మిల్లులో కింద నిలబడి 3,000 బస్తాలు రాసుకున్నాను. అనుమానమొచ్చి పై రెండు వరుసలు తీయిస్తే నడుమంతా ఊక బస్తాలే. ఆ రోజు ఎక్కకపోతే సంతకం పెట్టేసేవాణ్ని. పది బస్తాలు నువ్వే ఏరి కాంటా వేయించు, వాళ్లు చూపినవి వద్దు.

8న తేలిన లెక్కకు, ఏప్రిల్ 1 నుంచి అప్పటిదాకా బయటికి పోయినవి కలిపి, లోపలికి వచ్చినవి తీసేస్తే, లెక్కల సంవత్సరం ముగిసిన మార్చి 31 నాటి స్టాక్ వస్తుంది. ఆడించినవి కూడా పోయినవాటి కిందికే. గేటు రిజిస్టరు, కాంటా చీటీలు పక్కన పెట్టుకో.

ఇంకొకరి జవాబు: విలువ సంగతి నేను చెప్తా. ఏఎస్ 2 (స్టాక్ విలువ కట్టే అకౌంటింగ్ స్టాండర్డ్) ప్రకారం అయిన ఖర్చు, అమ్మితే చేతికొచ్చేది, రెండింట్లో ఏది తక్కువైతే అది. తవుడు, నూకల దగ్గర చాలామంది పొరపాటు పడతారు. సీఎంఆర్ వడ్లు ప్రభుత్వానివే అయినా, వాటి తవుడు, నూకలు మిల్లుకే మిగులుతాయి. 31న ఉన్నవి స్టాక్‌లో కనబడాలి.

ప్రశ్న అడిగిన వ్యక్తి: అన్నా, కరెంటు బిల్లులు కూడా తీసుకోమన్నారు. ఎందుకు?

జవాబు: నెలనెలా ఎన్ని యూనిట్లు కాలాయి, ఎన్ని క్వింటాళ్లు ఆడించారు అని పక్కపక్కన రాయి. ఒక నెల బియ్యం రెట్టింపై యూనిట్లు మాత్రం కదలకపోతే, ఆ బియ్యం ఆ మిల్లులో ఆడినదేనా అని అడగాలి. ఊక అమ్మకం తక్కువ ఉందని మాత్రం కంగారుపడకు. ఉప్పుడు మిల్లులో అది బాయిలర్‌కే పోతుంది.