ఫుగాజీ మొదటి ఆల్బమ్ ఏది: ‘13 సాంగ్సా’, ‘రిపీటరా’?

డ్రమ్స్‌పిచ్చి:
పోస్ట్-హార్డ్‌కోర్ (హార్డ్‌కోర్ పంక్ రాక్ నుంచి పుట్టిన సంగీతం) కొత్తగా వినేవాళ్లకి మనందరం అమెరికన్ బ్యాండ్ ఫుగాజీ పేరే చెప్తాం. మొదటి ఆల్బమ్ ఏదంటే మాత్రం సగం మంది ‘13 సాంగ్స్’ (1989) అంటారు. అది ఆల్బమే కాదు. 1988 నాటి ఏడు పాటల ఈపీని (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డ్), ఆ తర్వాతి ఏడాది వచ్చిన ఆరు పాటల ‘మార్జిన్ వాకర్’ని ఒకే సీడీలో సర్దేశారు, అంతే. అసలు తొలి ఆల్బమ్ 1990లో వచ్చిన ‘రిపీటర్’. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గోదారి_బేస్:
నేను కాదంటాను. ‘13 సాంగ్స్’లో మొదటి పాట ‘వెయిటింగ్ రూమ్’ వినకుండా ఫుగాజీ దాకా వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. ముందు జో లాలీ బేస్. మిగతావాళ్లు వచ్చి కలుస్తారు. ఊపందుకుంది అనుకునేలోపే అంతా టక్కున ఆగిపోతుంది. స్పీకర్ పోయిందేమో అని డౌటు వస్తుంది. అంతలో అందరూ ఒక్కసారే అందుకుంటారు! వినేవాడికి చేతికందిందే ఆల్బమ్. ఈపీనా, ఎల్పీనా (పూర్తి నిడివి ఆల్బమా) అన్నది షాపువాడి లెక్క.

డ్రమ్స్‌పిచ్చి:
పాట గొప్పదే, దానికి పేచీ లేదు. కానీ ఆ సీడీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆపకుండా వినండి. ఎనిమిదో పాట దగ్గర సౌండే మారిపోతుంది. మొదటి ఏడూ వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్‌లోని ఇన్నర్ ఇయర్ స్టూడియోలో చేసినవి. మిగతావి యూరప్ టూర్ అయ్యాక లండన్‌లో చేశారు. అదే తొలి ఆల్బమ్ కావాల్సింది, కానీ టూర్‌తో అలిసిపోయారు, రికార్డింగ్ నచ్చలేదు, ఈపీగా వదిలేశారు. పైగా మొదటి ఈపీలో గై పిచియోటో గిటార్ ముట్టనే లేదు, పాడాడంతే. ‘రిపీటర్’కి వచ్చేసరికి గిటారిస్టు ఇయాన్ మెకాయ్‌కి ఎదురుగా గై రెండో గిటార్ నిలబడింది. టైటిల్ పాటలో సైరన్‌లా కీచుమనే ఆ గిటార్ వినండి. మనకి తెలిసిన ఫుగాజీ అక్కడ పుట్టింది.

చిల్లర_వినైల్:
‘రీప్రొవిజనల్’ సంగతి ఇద్దరూ వదిలేశారు. ‘మార్జిన్ వాకర్’లోని ‘ప్రొవిజనల్’నే ‘రిపీటర్’ కోసం మళ్లీ రికార్డ్ చేశారు. పాతది నచ్చి ఉంటే ఆ పని ఎందుకు చేస్తారు? ఇది డ్రమ్స్‌పిచ్చి గారి వైపు మాట. అయితే ‘రిపీటర్’ సీడీ సంగతేంటి? 11 పాటల వెనకాల ‘3 సాంగ్స్’ ఈపీ అతికించారు కదా. ఈపీ కలిపితే ఆల్బమ్ కాదంటే ఆ సీడీ కూడా లెక్కలోకి రాదు.

గోదారి_బేస్:
అలా అడగండి! అన్ని వయసులవాళ్లనీ రానిచ్చి, టికెట్ మామూలుగా అయిదు డాలర్ల దగ్గరే ఉండేలా చూసుకుని, మెకాయ్ సొంత లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) డిస్కార్డ్ మీదే ఆల్బమ్‌లన్నీ విడుదల చేసినవాళ్లు. రెండు ఈపీలు ఒకే సీడీగా ఇస్తే కొనేవాడికి డబ్బులు మిగులుతాయి. వాళ్లకి లేని పట్టింపు మనకెందుకండీ?

డ్రమ్స్‌పిచ్చి:
పట్టింపు వాళ్లకి ఉంది కాబట్టే ఆ మూడు పాటలూ చివర్లో పెట్టారు. ‘షట్ ద డోర్’ పదకొండోది. అది అయ్యాక ప్లేయర్ ఆపేయండి, ఏ లోటూ ఉండదు. మీ ‘13 సాంగ్స్’ని ఎక్కడ ఆపుతారు?

గోదారి_బేస్:
‘గ్లూ మ్యాన్’ దగ్గర. ఆ పాట తర్వాత ఇంకేదీ వినబుద్ధి కాదు.

చిల్లర_వినైల్:
గోదారి గారూ, అది ఏడో పాట. అంటే మీరూ మొదటి ఈపీ వరకే వింటున్నారు!