మంచినీటి చేపల అనుభవం సముద్ర పరిశోధనకు పనికొస్తుందా?

మాది మిర్యాలగూడ. మా చెల్లెలు నాగార్జునసాగర్ జలాశయంలోని బొచ్చె, రవ్వ చేపల మీద పీహెచ్‌డీ చేసింది. ఇప్పుడు ఒక సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల విశాఖ తీరానికి తరలుతూ కొత్త శాస్త్రవేత్తలను తీసుకుంటోంది. తరలింపు గురించి మాకు బెంగ లేదు. 1947లో మొదలై, తమిళనాడులోని మండపం ఊళ్లో నడిచిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా 1971లో కొచ్చికి మారిందే. బెంగంతా ఆమెకు ఉప్పునీటి అనుభవం లేదనే. చేప చెవిరాయిలోని (చెవి లోపలి గట్టి సున్నపు ముక్కలోని) వలయాలను లెక్కించి వయసు చెప్పడంలో ఆమెది మంచి చెయ్యి. ఆ పద్ధతి సముద్రపు చేపలకూ వర్తిస్తుంది కదా, ఎంపికలో దానికి విలువ ఇస్తారా?

మరో సందేహం. కొత్త తొట్టెల్లో, చేపలు విసర్జించే విషపు అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికే వారాలు పడుతుంది. అలాంటప్పుడు తొలి నెలల్లో సొంత పరిశోధన సాగుతుందా? ఇలా తరలిన చోట పనిచేసినవారు దయచేసి చెప్పండి. ఇంటర్వ్యూ ఈ నెలలోనే.