పాత సైకిలు స్టీలు ఫ్రేములో సీటుపోస్టు దిగట్లేదు: ట్యూబు గీకాలా, పోస్టు మార్చాలా?

లగ్గుఫ్రేము
రేనాల్డ్స్ 531 (ఒక రకం స్టీలు ట్యూబు) ఫ్రేము. సీటు ట్యూబు బయటి కొలత 28.6 మి.మీ. సీటును మోసే పోస్టు 27.2, అల్యూమినియం. నాలుగు సెంటీమీటర్లు దిగి ఆగిపోతోంది, నొక్కితే పోస్టు మీద నిలువు గీతలు పడుతున్నాయి. ఫ్రీజర్లో పెట్టి సుత్తితో దించొచ్చా?

వెర్నియర్
సుత్తి జోలికి పోకండి. 40 డిగ్రీలు చల్లబడితే 27.2 పోస్టు తగ్గేది 0.025 మి.మీ. మాత్రమే. పైగా మామూలు వేడికి రాగానే లోపలే పట్టేస్తుంది, మళ్లీ తియ్యడం ఇంకో యుద్ధం.

ముందు సైజు తేల్చుకోండి. 531 స్టిక్కరు ఉన్నంత మాత్రాన 27.2 అని కాదు. బటెడ్ ట్యూబు (గోడ మందం ఒక్కోచోట ఒక్కోలా ఉండేది) పైభాగంలో గోడ 0.6 మి.మీ. ఉంటే 27.2 పడుతుంది. గోడ మందం అంతటా 0.9 ఉన్న సాదా ట్యూబైతే లోపలి వ్యాసం 26.8కి పడిపోతుంది. పాత ఫ్రెంచి ఫ్రేముల్లో ట్యూబు బయటి కొలతే 28.0 ఉంటుంది, అందులో 27.2 మామూలుగా పట్టదు. పోస్టులు 0.2 మి.మీ. తేడాతో వస్తాయి కాబట్టి ఒక్క మెట్టు తప్పినా ఇదే బాధ.

కాలిపర్ లోపలి దవడలు వంపు మీద కాస్త తక్కువ చూపిస్తాయి. ట్యూబు పైన వెనక వైపు ఉండే చీలిక కిందికి దించి, మూడు నాలుగు దిక్కుల్లో కొలవండి. అన్ని దిక్కుల్లోనూ 27.0 లోపే వస్తే గీకడం వృథా, చిన్న పోస్టు తెచ్చుకోండి.

ఆకురాయి
వెనక చీలిక కూడా చూడండి. రెండు అంచులూ సమాంతరంగా ఉండాలి. పైకి వెళ్లేకొద్దీ దగ్గరపడితే, ఎవరో చిన్న పోస్టు పెట్టి బోల్టు పీకల్దాకా బిగించారన్నమాట. బోల్టు తీసేసి, గట్టి చెక్క చీల చీలిక నిడివంతా పట్టేలా పెట్టి కొద్దికొద్దిగా తెరవండి. స్క్రూడ్రైవరుతో మెలిపెడితే బోల్టు పట్టే చెవి ఒక్కటే వంగుతుంది, పాత లగ్గు (ట్యూబులు కలిపే తొడుగు) అయితే విరిగినా విరుగుతుంది.

ఎక్కడ పట్టిందో తెలియాలంటే మార్కరు చాలు. పోస్టు కింది పది సెంటీమీటర్లకు చుట్టూ నల్లగా పూసి, ఆరాక తిప్పకుండా దించి బయటికి లాగండి. రంగు చెరిగిన చోటే అసలు ముడి. చుట్టూ చెరిగితే ట్యూబు ఇరుకు. ఎదురెదురుగా రెండు చోట్లయితే కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. చిన్న గీతలా చెరిగితే బర్రు (లోహపు అంచున మిగిలిన ముల్లు), లేదా అతుకు వేసినప్పుడు గడ్డకట్టిన బ్రేజింగ్ ఇత్తడి.

గ్రీజుడబ్బా
పోస్టునే ఎమెరీ పేపరుతో 27.1కి తగ్గిస్తే పోదా? ఫ్రేము కన్నా పోస్టు చవక.

వెర్నియర్
పోవచ్చు గానీ, చుట్టూ తిప్పుతూ రుద్దిన గీతలు సరిగ్గా బిగింపు దగ్గర, అంటే వంపు ఒత్తిడి ఎక్కువ పడే చోట ఉంటాయి. పగులు మొదలయ్యేది అలాంటి గీతలోంచే. ఆనోడైజింగ్ (అల్యూమినియం మీది రక్షణ పొర) కూడా పోతుంది, స్టీలుకు తగిలి ఇంకా త్వరగా తెల్లబూజు పడుతుంది. తప్పదంటే చివర్లో సన్నటి పేపరుతో నిలువుగా రుద్దండి.

ఆకురాయి
ట్యూబు గీకేటప్పుడు ముందు లోపలికి నూనెగుడ్డ కుక్కి, దానికి దారం కట్టండి. వీలైతే ఫ్రేము తలకిందులు చేయండి. రజను బాటమ్ బ్రాకెట్లోకి (పెడళ్ల ఇరుసు ఉండే చోటికి) జారితే బేరింగులు పోతాయి. బర్రుకు అర్ధచంద్రపు ఆకురాయి చాలు. తుప్పుకు, పెయింటుకు 20 మి.మీ. కర్ర చివర రంపంతో చీల్చి, 180 నంబరు ఎమెరీ పేపరు దూర్చి చుట్టి, డ్రిల్లుతో నిదానంగా పైకీ కిందికీ ఆడించండి. అరనిమిషానికోసారి ఆపి, తుడిచి, పోస్టు పెట్టి చూడండి.

రీమరు (లోపలి గోడ కోసి రంధ్రాన్ని వెడల్పు చేసే పనిముట్టు) ఆఖరి మాట. వంపు పళ్లదైతే చీలికలో చిక్కుకోదు. కటింగ్ ఆయిల్ పోసి సవ్యదిశలోనే తిప్పాలి, బయటికి తీసేటప్పుడు కూడా. వెనక్కి తిప్పితే పళ్లు మొద్దుబారతాయి. 0.6 గోడలోంచి వ్యాసంలో 0.1 మించి తీయడం నాకు నచ్చదు.

లగ్గుఫ్రేము
మార్కరు పూసి చూశాను. చీలిక అడుగున ఉన్న రంధ్రం అంచు దగ్గర ఒక్క చోటే చెరిగింది. కాలిపర్లో 27.2, 27.3 వస్తున్నాయి.

ఆకురాయి
అయితే అది బర్రే. రీమరు మాటే మర్చిపోండి.

గ్రీజుడబ్బా
తీసేశాక లోపలా పోస్టుకూ గ్రీజు దండిగా పూయండి. బోల్టు వదులుగా ఉన్నప్పుడు పోస్టు చేత్తో నొక్కితే దిగాలి, తనంతట తను జారిపోకూడదు. కనీసం 65 మి.మీ. లోపల ఉండాలి, పోస్టు మీద గీత ఉంటే ఆ గీత దాకా. ఆర్నెల్లకోసారి బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు పెట్టండి.