పెద్దవాళ్లతో గాల్వెస్టన్ క్రూజ్: ఏ రూటు, ఏ గది, తిండి సంగతేంటి?

ప్లేనో కృష్ణ:

జూన్‌లో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు (బి2 విజిటర్ వీసా, పదేళ్ల మల్టిపుల్ ఎంట్రీ). డాలస్ నుంచి కారులో వెళ్లొచ్చని టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ నుంచి 7 రాత్రుల క్రూజ్ చూస్తున్నాం. రెండు రూట్లు దొరికాయి. ఒకటి కోజుమెల్, బెలీజ్ సిటీ, రొయాటాన్. రెండోది కోజుమెల్, కోస్టా మాయా, రొయాటాన్. మొదటిది కాస్త చవక.

నాన్నకు 68, షుగరు, రాత్రిపూట ఇన్సులిన్. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లంటే కష్టం. ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. మాకు ఆరేళ్ల పాప, ఇక్కడే పుట్టింది. నేనూ మా ఆవిడా హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాం. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపుకు గడువు ఉంది, ఆవిడది అయిపోయింది, హెచ్1బి మంజూరైనట్టు చెప్పే ఐ-797 కాగితం మాత్రం చేతిలో ఉంది.

ఏ రూటు మంచిది? గది ఎక్కడ తీసుకోవాలి? అన్నం, పప్పు దొరుకుతాయా, కుక్కర్ పట్టుకెళ్లాలా? ఎప్పుడూ వెళ్లేవాళ్లు చెప్పండి.

ఉప్పుగాలి:

కృష్ణ గారూ, రూటు కంటే ముందు మీ ఆవిడ కాగితాల సంగతి తేల్చుకోండి. మీరు రాసిన రెండు రూట్లూ ఆవిడకు పనికిరావు.

స్టాంపు అయిపోయినా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఉన్నవాళ్లు తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. హెచ్1బి వాళ్లకు అది కెనడా, మెక్సికోలకు మాత్రమే, అదీ 30 రోజుల లోపు. పక్కనున్న దీవుల దాకా అది వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్చేంజ్) వీసాల వాళ్లకే. రొయాటాన్ హోండురాస్‌ది, బెలీజ్ వేరే దేశం. ఓడ అక్కడ ఆగిందంటే ఆ వెసులుబాటు పోయినట్టే. ఓడ దిగకుండా గదిలో కూర్చుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీకు కుదిరేది మెక్సికో రేవులు మాత్రమే ఉన్న 4, 5 రాత్రుల క్రూజ్. గాల్వెస్టన్ నుంచి కోజుమెల్ ఒక్కటే, కోజుమెల్ ప్లస్ ప్రొగ్రెసో, కోజుమెల్ ప్లస్ కోస్టా మాయా, ఇలా ఉంటాయి. ఇక్కడా రెండు మెలికలున్నాయి. ఒకటి, ఎక్కించుకోవాలా వద్దా అని చూసేది రేవులో కంపెనీ కౌంటర్ వాళ్లు. ఈ నిబంధన తెలియని మనిషి ఎదురైతే మీ సెలవు పార్కింగ్ లాట్‌లోనే ముగుస్తుంది. బుక్ చేసే ముందే కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఈ వెసులుబాటు రాసి ఉన్న అమెరికా నిబంధన, 22 సిఎఫ్ఆర్ 41.112(డి), ప్రింటు తీసి, ఐ-797, ఐ-94తో కలిపి పెట్టుకోండి. రెండు, భారతీయులకు మెక్సికో వీసా అక్కర్లేదనేది చెల్లుబాటయ్యే అమెరికా వీసా లాంటిది ఉంటేనే. స్టాంపు అయిపోయినవాళ్లు ఊళ్లోకి దిగడానికి కంపెనీ ఏం అడుగుతుందో కూడా అదే మెయిల్లో అడగండి. కావాలంటే డాలస్‌లోనే మెక్సికో కాన్సులేట్ ఉంది. ఆ జవాబు వచ్చేదాకా డిపాజిట్ కట్టొద్దు.

మీ అమ్మానాన్నలకు పాస్‌పోర్టు, బి2 చాలు. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండూ తీసుకెళ్లాలి. వెళ్లొస్తే ఐ-94లో కొత్తగా ఆరు నెలలు పడతాయని మాత్రం లెక్కలేసుకోవద్దు. తిరిగొచ్చాక వెబ్‌సైట్‌లో వాళ్ల ఐ-94 తేదీ ఒకసారి చూసుకోండి. పాపకు, బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే క్రూజ్ కాబట్టి బర్త్ సర్టిఫికెట్‌తో నడుస్తుంది. పాస్‌పోర్టు ఉంటే తీసుకెళ్లడమే మేలు. మధ్యలో జ్వరమో ఇంకోటో వచ్చి కోజుమెల్ నుంచి విమానంలో రావాల్సి వస్తే బర్త్ సర్టిఫికెట్ పనికిరాదు.

ఇది చదివే మిగతావాళ్లకు: గ్రీన్‌కార్డు అప్లికేషన్ పెండింగ్‌లో ఉండి ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) మీద పనిచేస్తున్నవాళ్లకు క్రూజ్ కూడా దేశం దాటినట్టే. అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా ఓడెక్కితే అప్లికేషన్‌నే వదులుకున్నట్టు అవుతుంది.

డెక్ సెవెన్:

కాగితాల సంగతి ఉప్పుగాలి గారు చెప్పేశారు. నేను మోకాళ్ల సంగతి చెబుతాను.

రేవుల్లో రెండు రకాలు. ఓడ నేరుగా గట్టుకు ఆనుకునేవి, దూరంగా లంగరేసి చిన్న బోట్లలో జనాన్ని చేరవేసేవి. రెండోదాన్ని టెండర్ పోర్ట్ అంటారు. బెలీజ్ సిటీ అలాంటిదే. ఊగే బోటులోకి ఓడ నుంచి అడుగు వేయాలి, సిబ్బంది చెయ్యి పట్టుకుంటారు గానీ ఎత్తి దించరు. మోకాళ్లు బాగోని వాళ్లకు ఆ ఒక్క అడుగే కష్టం. మీరు చెప్పిన చవక రూటులో అమ్మగారు ఆ రోజు ఓడలోనే ఉండిపోయేవారు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఓడ ఎంత కొత్తది, ఎన్ని జారుడుబండలున్నాయి అని కాదు, ఎన్ని రేవుల్లో టెండర్ ఉందని చూడాలి.

ప్రొగ్రెసోలో టెండర్ లేదు. సముద్రం అక్కడ బాగా లోతు తక్కువ, అందుకని గట్టును ఆరు కిలోమీటర్ల పైచిలుకు సముద్రంలోకి కట్టారు. ఓడ దాని చివర ఆగుతుంది, ఒడ్డుదాకా ఉచిత బస్సు. బస్సు మెట్టు ఒక్కటే ఎక్కాలి. కోస్టా మాయాలో గట్టు పొడుగ్గా ఉంటుంది, ట్రామ్ లాంటి బండి నడుస్తుంది. కోజుమెల్‌లో నడక తక్కువ కావాలంటే మీ ఓడ ఏ పియర్‌లో (ఓడలు ఆగే గట్టు) ఆగుతుందో చూడండి. పుంటా లాంగోస్టా అయితే ఊరి నడిమధ్యే. మిగతా రెండింటి నుంచి టాక్సీ. మీటర్లుండవు, ప్రాంతాన్ని బట్టి రేటు బోర్డు ఉంటుంది. ఎక్కకముందే రేటు, ఎంతమందికో, డాలర్లలోనో పెసోల్లోనో గట్టిగా అడిగి ఎక్కండి.

ప్రొగ్రెసో నుంచి చిచెన్ ఇట్జా టూర్ అమ్ముతారు. రానూపోనూ బస్సులోనే నాలుగు గంటలు పోతాయి, జూన్ ఎండ మాడ్చేస్తుంది, పిరమిడ్ ఎలాగూ ఎక్కనివ్వరు. పెద్దవాళ్లకు వద్దు. ఆ రోజు ఓడ సగం ఖాళీగా ఉంటుంది, వేడినీళ్ల తొట్టె, నీడలో కుర్చీలు అన్నీ వాళ్లవే.

గది: ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో తీసుకోండి. ఊపు ముందూ వెనకా ఎక్కువ, మధ్యలో తక్కువ. అమ్మగారికి లిఫ్టు దగ్గర కావాలి గానీ లిఫ్టు ఎదుటి గది మాత్రం వద్దు, రాత్రంతా మాటలు. ఇంకో పని చేయండి. డెక్ ప్లాన్ (ఓడ అంతస్తుల పటం) తీసి, గది పైనా కిందా ఏముందో చూడండి. పైన బఫే డెక్ ఉంటే తెల్లవారుజామున ఐదింటికే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద థియేటర్ ఉంటే అర్ధరాత్రి దాకా డప్పులు. పైనా కిందా గదులే ఉన్న గది మంచిది. 'గ్యారంటీ' అని చవగ్గా అమ్మేదాంట్లో గది ఎంపిక కంపెనీది, మీది కాదు. మీ ఐదుగురికి రెండు గదులు కావాలి. పెద్దవాళ్లకు బాల్కనీ, ఎదురుగా మీకు కిటికీ లేని ఇన్‌సైడ్ తీసుకుంటే డబ్బు కలిసొస్తుంది. ఎలాగూ మీరంతా వాళ్ల బాల్కనీలోనే కూర్చుంటారు.

బాత్రూం గుమ్మం దగ్గర నాలుగైదు అంగుళాల గట్టు ఉంటుంది. రాత్రి నిద్రమత్తులో వెళ్లే పెద్దవాళ్లు తట్టుకుని పడేది అక్కడే. మోషన్ సెన్సర్ ఉన్న బ్యాటరీ లైటు ఒకటి పట్టుకెళ్లండి. గోడలు చాలావరకు ఇనుప రేకువే, అయస్కాంతంతో అతుక్కుంటుంది. షవర్ ఇరుకు, మన కుళాయి ఉండదు. ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడేయండి. గట్టు లేని బాత్రూం, చేతిపట్టాలు కావాలంటే 'యాక్సెసిబుల్' గదులు వేరే ఉంటాయి, తొందరగా అయిపోతాయి.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వీల్‌చెయిర్ ఇస్తారు. కంపెనీ స్పెషల్ నీడ్స్ ఫారం ముందే నింపాలి. ఓడలో రోజంతా వాడుకోవడానికి ఇవ్వరు, అది మీరు అద్దెకు తెచ్చుకోవాల్సిందే.

పప్పుచారు ప్యాసింజర్:

తిండి సంగతి నాకొదిలేయండి.

కుక్కర్ వద్దు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, వేడెక్కేది ఏదైనా సామాను స్కానింగ్‌లోనే తీసి పక్కన పెట్టేస్తారు, చివరి రోజు తిరిగిస్తారు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పవర్ స్ట్రిప్పూ అంతే, కొన్ని కంపెనీలైతే మామూలు ఎక్స్‌టెన్షన్ కూడా ఒప్పుకోవు. ఇంట్లో వండిన పులిహోర, పెరుగన్నం ఎక్కనివ్వరు. కంపెనీ సీలుతో ఉన్న జంతికల ప్యాకెట్లు, కారప్పొడి, పచ్చడి చిన్న ప్యాకెట్లు అయితే పేచీ ఉండదు. సీలు విప్పిన ఆవకాయ సీసా మాత్రం చూసేవాడి దయ.

అన్నం, పెరుగు దొరుకుతాయి. ప్లెయిన్ యోగర్ట్ పొద్దున బఫేలో పెడతారు, మధ్యాహ్నం కనబడకపోతే అడిగితే లోపల్నుంచి తెస్తారు. పెద్ద కంపెనీల డైనింగ్ రూములో ఇండియన్ వెజిటేరియన్ ఏదో ఒకటి ఉంటుంది: పప్పు, కూర, అన్నం, అప్పడం. ఉత్తరాది రుచి, మనకు కారం చాలదు, అందుకే కారప్పొడి.

అసలు కిటుకు భోజనం టైములో ఉంది. బుకింగ్‌లో రెండు రకాలుంటాయి: మనిష్టం వచ్చినప్పుడు వెళ్లేది, రోజూ ఒకే టైముకు ఒకే టేబుల్ దగ్గర కూర్చునేది. అందరూ మొదటిదే తీసుకుంటారు. శాకాహారులు రెండోది తీసుకోవాలి. రోజూ ఒకే వెయిటర్ ఉంటాడు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి 'గుడ్డు లేదు, మాంసం స్టాక్ (మాంసం ఉడికించిన నీళ్లు) లేదు, రేపటికి పప్పు, బెండకాయ' అని చెబితే మర్నాటికి వేరే వండి పెడతారు. ఏ పూటకాపూట చెబితే కుదరదు, వంటింటికి ముందురోజే చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి వద్దంటే జైన్ అని చెప్పండి, అర్థమవుతుంది. బుకింగ్‌లోనూ రాయించండి, కానీ దాని మీదే ఆధారపడొద్దు.

బఫేలో జాగ్రత్త: కూరగాయల సూపుల్లోనూ చికెన్ స్టాక్ ఉండొచ్చు, ఫ్రెంచ్ ఫ్రైస్ వేయించిన నూనెలోనే చేపలూ వేగుతాయి, కేకులు చాలావాటిలో గుడ్డు. సిబ్బందిలో మనదేశం వాళ్లు బోలెడంత మంది, హిందీలో అడిగితే నిజం చెబుతారు.

పండ్లు, శాండ్‌విచ్‌లు ఓడ నుంచి రేవులోకి తీసుకెళ్లొద్దు. ఒక్క యాపిల్‌కే జరిమానా వేయొచ్చు.

ప్లేనో కృష్ణ:

ఉప్పుగాలి గారూ, బతికించారు. ఈ రొయాటాన్ విషయం అస్సలు తెలియదు. అయితే 5 రాత్రుల కోజుమెల్, ప్రొగ్రెసోకు మారుతున్నాం, ముందు మెయిల్ పెడతాను. ఇన్సులిన్, వాంతులు, ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పండి. టికెట్ కాక ఇంకా ఎంతవుతుంది?

డెక్ సెవెన్:

గదిలో ఉండేది చాలా ఓడల్లో ఫ్రిజ్ కాదు, చల్లగా ఉంచే పెట్టె మాత్రమే. ఇన్సులిన్‌కు సరిపోదు. వాడుతున్న పెన్ను చాలా రకాల్లో గది వేడిలో 28 రోజులు ఉంటుంది, కొత్త పెన్నులకే చల్లదనం కావాలి. మెడికల్ ఫ్రిజ్ కావాలని ముందే రాయించండి, వాడిన సూదులు పడేసే డబ్బా గది శుభ్రం చేసే స్టీవర్డ్‌ని అడిగితే తెస్తాడు. రేవులో పోర్టర్‌కిచ్చిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. మందులు, పాస్‌పోర్టులు చేతిసంచిలోనే ఉండాలి.

జూన్‌లో మెక్సికో గల్ఫ్ సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది, ఊపు ఎక్కువ చలికాలం ఉత్తరపు గాలులకే. వాంతులు రాకుండా మెక్లిజిన్ మాత్ర 25 మిల్లీగ్రాములు ఓడ కదలడానికి గంట ముందు వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక అంతగా పనిచేయదు. ప్రొస్టేట్, గ్లకోమా ఉన్న పెద్దవాళ్లు ఈ మందులకు, చెవి వెనక అంటించే ప్యాచ్‌కు డాక్టర్ని అడగాల్సిందే. ఆకుపచ్చ యాపిల్, క్రాకర్స్ రూమ్ సర్వీస్ తెస్తుంది. నాన్నగారు వాంతి చేసుకుని భోజనం మానేస్తే ఆ రాత్రి ఇన్సులిన్ ఎంత వేయాలో ఇప్పుడే వాళ్ల డాక్టరుతో రాయించుకోండి.

బఫే ముందు శానిటైజర్ మీద ఆధారపడొద్దు. ఓడల్లో వ్యాపించే నోరోవైరస్‌కు అది అంతగా పనిచేయదు, సబ్బునీళ్లే.

ఉప్పుగాలి:

ఇన్సూరెన్స్: పెద్దవాళ్ల విజిటర్ పాలసీలో అమెరికా బయట, ఓడ మీద వర్తిస్తుందా, మెడికల్ ఇవాక్యుయేషన్ (జబ్బు చేస్తే ఓడ నుంచి ఆసుపత్రికి తరలించడం) ఎంత, ముందునుంచీ ఉన్న షుగరు సంగతేంటి, ఈ మూడూ చదవండి. లేకపోతే క్రూజ్‌కు వేరే పాలసీ. ఓడ డాక్టరు బిల్లు మీ గది ఖాతాకే పడుతుంది, తర్వాత మీరు క్లెయిమ్ చేసుకోవాలి.

ఖర్చు: టికెట్, పోర్టు పన్నులు కాక టిప్పులు తలకు రోజుకు 16 నుంచి 20 డాలర్లు, పాపకు కూడా. రేవులో కారు పార్కింగ్ వంద డాలర్ల చుట్టుపక్కల. వైఫై వేరే. ఫోన్లు ఎక్కిన వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, లేకపోతే సముద్రం మీద రోమింగ్ బిల్లు టికెట్‌ను మించొచ్చు. చాలా కంపెనీల్లో ఒక గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే ఆ గదిలోని పెద్దలందరూ కొనాలి, అందుకే నాన్నగారు ఏమైనా పుచ్చుకుంటే విడివిడిగా బిల్లు కట్టుకోవడమే చవక. ఆఖరి వాయిదా లోపు రేటు తగ్గితే ఫోన్ చేసి తగ్గించుకోవచ్చు, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

డాలస్ నుంచి ఐదు గంటల దారి, హ్యూస్టన్ ట్రాఫిక్ కలిపితే ఎంతైనా కావచ్చు. ముందురోజే వెళ్లి పడుకోండి. జూన్ అంటే తుపాన్ల సీజన్ మొదలు. తుపాను వస్తే ఓడ రేవు మారుస్తుంది, ఆగని రేవు పన్ను తప్ప పైసా తిరిగి రాదు.

చివరగా గడియారం. జూన్‌లో ప్రొగ్రెసో గాల్వెస్టన్ కంటే గంట వెనక, కోజుమెల్ సమానం. ఓడ మామూలుగా గాల్వెస్టన్ టైమే పాటిస్తుంది. ప్రొగ్రెసోలో దిగిన ఫోన్ నెట్‌వర్క్ పట్టి తనంతట తానే గంట వెనక్కి జరుగుతుంది, మీకింకా గంట ఉందనుకుంటారు, ఓడ వెళ్లిపోతుంది. ఆటోమేటిక్ టైమ్ ఆపేయండి, నాన్నగారికి చేతిగడియారం పెట్టించండి. సొంత టాక్సీలో వెళ్తే ఓడ ఆగదు. కంపెనీ టూరులో వెళ్లినవాళ్ల కోసమే ఆగుతుంది.

ప్లేనో కృష్ణ:

ఓడ ఆ రోజు గాల్వెస్టన్ టైమే పాటిస్తుందని ఎక్కడ తెలుస్తుంది?

పప్పుచారు ప్యాసింజర్:

ముందురోజు రాత్రి యాప్‌లో మర్నాటి షెడ్యూల్ వస్తుంది, పైనే రాస్తారు. దిగేటప్పుడు గ్యాంగ్‌వే (ఓడ నుంచి గట్టుకు దిగే వంతెన) దగ్గర బోర్డు మీద 'ఆల్ అబోర్డ్' టైము ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. అది ఓడ కదిలే టైము కాదు, తలుపు మూసే టైము.