సాయంత్రం బడి వల్ల పిల్లల చదువు నిజంగా పెరిగిందని ఎలా తేల్చాలి?

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో ఏడు ఊళ్లలో మూడేళ్లుగా సాయంత్రం బడులు నడుపుతున్నాం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కూలి పనులకు వెళ్లేవాళ్ల పిల్లలే. ఫలితాలు చూపిస్తేనే వచ్చే ఏడాది డబ్బులిస్తామని దాతలు అంటున్నారు.

జూన్‌లో అసర్ (పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే దేశవ్యాప్త సర్వే) పద్ధతిలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించాం: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. ఫిబ్రవరిలో మళ్లీ అదే చేశాం. జూన్‌లో ఒత్తులు వస్తే ఆగిపోయిన ఒక పాప ఈసారి వేలు పెట్టుకుని కథంతా చదివేసింది. చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ పరీక్ష పెట్టింది పాఠం చెప్పిన వలంటీర్లే. ఒకమ్మాయి పిల్లవాడు తడబడితే మొదటి అక్షరం అందించడం నేనే చూశాను. ఆ లెక్కలు దాతలకు పంపడానికి మనసు ఒప్పడం లేదు.

ఇంకో టెన్షన్ ఏంటంటే, దసరా తర్వాత చాలామంది పిల్లలు తల్లిదండ్రులతో బెంగళూరు వలస వెళ్లిపోయారు. ఉన్నవాళ్లనే లెక్కిస్తే ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుందేమో. వెళ్లిపోయినవాళ్లను లెక్కల్లో ఎలా చూపించాలి?

పైగా ఏడాదిలో పిల్లలు బడిలో కూడా కొంత నేర్చుకుంటారు కదా. పోల్చడానికి మా బడి లేని ఊళ్లలోనూ పరీక్షించాలంటున్నారు. పిల్లల చదువు ఏం చేస్తే పెరుగుతుందో చూడటానికి 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఒక అధ్యయనంలో లాటరీ తీసి బడులను ఎంచుకున్నారని చదివాను, మాకు అంత స్తోమత లేదు. మా బడి లేని ఊళ్లలో పరీక్ష పెట్టి, ఏమీ నేర్పకుండా వచ్చేయడం న్యాయమేనా?

ఇలాంటి మదింపు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. బయటివాళ్లతో చేయిస్తే ఖర్చు ఎంతవుతుంది? పక్క ఊరి వలంటీర్లను మార్చి పెడితే సరిపోతుందా?